సీసా వచ్చింది, మనిషి రాలేదు

ఉద్యోగం దిగి ఏళ్లు గడిచినా మా వీధి నన్ను రిటైరు కానివ్వలేదు. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా ముందు మా గుమ్మంలోకే వస్తారు. మొన్న బడిలో కొత్తగా టీచరుగా చేరిన అమ్మాయి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఏదో చెప్పాలని, చెప్పలేక కొంగు మెలిపెడుతోంది.

“తాతా, నవ్వద్దు మరి. నడిస్తే ఏం లేదు, పని చేస్తే ఏం లేదు. ఉత్తగ కూసున్నప్పుడే గుండె దడదడ కొట్టుకుంటాంది. చెవులల్ల గూడ వినిపిస్తాంది.”

నేను నవ్వలేదు. ఆ మాటకు నవ్వే రోజులు నా జీవితంలో ఎప్పుడో అయిపోయాయి. ఎంతసేపు ఉంటోందని అడిగాను. సమంగా కొడుతోందా, తాళం తప్పుతోందా అని అడిగాను. కళ్లు తిరిగాయా, ఆయాసం వచ్చిందా, ఛాతీలో నొప్పి ఉందా అని కూడా అడిగాను. అన్నిటికీ లేదనే చెప్పింది. పరీక్ష పేపర్లు దిద్దుతూ లెక్క లేకుండా టీలు తాగుతోందని మాత్రం తేలింది. నా ఊహ నాకు ఉంది. అయినా ఊహ నా దగ్గరే పెట్టుకుని, “రేపు పొద్దున దవాఖానకు పో బిడ్డా. నువ్వే పో. ఎవరినీ పంపకు” అన్నాను.

“గుండె నాది గద తాతా, ఇంకెవరిని పంపుత?” అని నవ్వుకుంటూ వెళ్లింది.

ఆ పిల్లకు నవ్వొచ్చింది గానీ, మా కాలంలో అలా పంపడమే మర్యాద. ఆ మర్యాదకు నేను కూడా ఊతమిచ్చి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. ఆ కథ మీలాంటి చిన్నవాళ్లకు చెప్పకుండా పోతే నాకే బాగుండదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను వరంగల్లో కంపౌండరుగా చేరాను. మట్టెవాడ బజారుకు కూతవేటు దూరంలో చిన్న సర్కారు దవాఖాన. మేము ముగ్గురం. డాక్టరు సాబు హైదరాబాదు మనిషి, యాభై దాటినవాడు, మాట మెత్తన. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకి దిగేవాడు. నర్సమ్మ నాకంటే పదేళ్లు పెద్దది. కాన్పులూ కట్లూ ఆమెవే, నోరు మాత్రం చురుకు. మూడోవాణ్ణి నేను. వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడని సామెత. ఎవరినీ చంపకుండానే అరవైద్యుణ్ణి అయిపోయానని ఇరవై రెండేళ్ల వయసులో నాకు గట్టి నమ్మకం.

నా పని మందుగది కిటికీ దగ్గర. డాక్టరు సాబు చిట్టీ రాస్తే నేను నీళ్ల మందు కలిపి, రోగి తెచ్చుకున్న సీసాలో పోసి, మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం దాని పక్కన అతికించేవాణ్ణి. ఒక మెట్టు ఒక మోతాదు. మందు అయిపోతే చిట్టీతో, ఖాళీ సీసాతో మళ్లీ వచ్చేవారు. అయితే దుకాణాల వెనక ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు దవాఖాన మెట్లు ఎక్కేవాళ్లు కాదు. భర్తో, మరిదో వచ్చి వాళ్ల నొప్పి చెప్పేవాడు. ఆ తర్వాత నెలల తరబడి సీసా ఒక్కటే తిరిగేది. మూతకు ఎర్రగుడ్డ చుట్టింది ఒక ఇంటి దగ్గు, మెడ దగ్గర బీట పడింది ఇంకో ఇంటి కడుపునొప్పి. ఆ మనుషులెవరినీ నేను చూడలేదు. సీసాలు మాత్రం అన్నీ నాకు తెలుసు.

అలా వచ్చేవాళ్లలో ఇత్తడి సామాన్ల దుకాణం సేటు ఒకడు. నలభై లోపు మనిషి. ఆయన దుకాణం ముందు నిలబడి బేరం చూడడం నాకు సరదాగా ఉండేది. బిందె గానీ చెంబు గానీ కొనేవాడి చేతికి ఇచ్చేముందు వేలి ఉంగరంతో ఒక్కటి కొట్టి, తల ఓ పక్కకు వాల్చి వినేవాడు. కంటికి కనిపించని సన్న బీట కూడా ఆయన చెవికి దొరికిపోయేది. “ఇది సరిగ పలుకుత లేదు, ఇంకోటి చూస్త” అని పక్కన పెట్టేవాడు. కొనేవాళ్లు ఆయన చెవిని అంత నమ్మేవారు.

ఒక పొద్దున ఆయన డాక్టరు సాబు ముందు నిలబడి, “మా ఇంటామెకు కూసుంటే గుండె దడ కొడుతాందట సాబ్. పని చేసేటప్పుడు అంత తెలుస్త లేదట” అన్నాడు.

“ఆయాసం ఉందా?”

“లేదు సాబ్.”

“కాళ్లకు వాపు?”

“గట్ల ఏం లేదు.”

ఈ జవాబులు ఇంట్లో అడిగి తెచ్చినవి కావనీ, అక్కడికక్కడే చెప్పినవనీ మాకు తర్వాత తెలిసింది. డాక్టరు సాబు నరాలను కాస్త మత్తులో పెట్టే బ్రోమైడు మందు రెండు వారాలకు రాసి, చిట్టీ అడుగున ఉర్దూలో ఒక వాక్యం చేర్చారు. రెండు వారాల తర్వాత మనిషిని తీసుకురావాలి. నేను చదివాను. చదివి, సీసా నింపాను. రెండు వారాల తర్వాత సీసా మళ్లీ వచ్చింది, మనిషి రాలేదు. మళ్లీ నింపాను.

ఈ మధ్యలోనే నా గుండెకు కూడా దడ పట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయాక స్టూలు మీద కూర్చున్నాను. ఉన్నట్టుండి ఛాతీలో దబదబమని మొదలైంది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, నేను చిట్టీ కోసం ఆగలేదు, సీసా వెతకలేదు. ఒక్క ఉరుకున డాక్టరు సాబు గదిలో పడ్డాను.

“సాబ్, నా గుండె ఆగిపోయేటట్టున్నది!”

ఆయన లేవలేదు. “ఆగిపోయేది గింత జోరుగ ఉరకదు మియా. కూసో. నీ గుండె ఎట్ల కొడుతాందో ఈ మేజా మీద వేలితోటి కొట్టి చూపియ్యి” అన్నారు.

ఛాతీ మీద ఒక చెయ్యి పెట్టుకుని, ఇంకో చేతి వేలితో బల్ల మీద కొట్టాను. టక్, టక్, టక్, టక్. వేగంగానే ఉంది గానీ సమంగా ఉంది. ఆయన స్టెతస్కోపు పెట్టి నిదానంగా విన్నారు, కంటి రెప్ప కిందికి లాగి రక్తం ఉందో లేదో చూశారు, మెడ తడిమారు.

“పొద్దున్నుంచి ఎన్ని చాయలు తాగినవ్?”

లెక్కపెట్టుకుంటే ఏడు తేలాయి. ఉప్మా తినలేదు, ముందురోజు సరిగా పడుకోలేదు. డాక్టరు సాబు నవ్వారు. అప్పుడు ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తు. “దినమంత ఇంట్ల లొల్లి ఉంటది, గోడ గడియారం ఎవరికి వినబడది. అందరు సప్పుడు చెయ్యకుంట కూసుంటే టిక్కుటిక్కు వినబడుతది. గడియారం ఖరాబైనట్టు కాదు. గుండె గూడ గంతే. కాని ఒక్కోపారి గడియారం నిజంగనే ఖరాబైతది. వినకుంట ఎట్ల చెప్తం? అందుకే ముందు విన్న, తర్వాత నవ్విన.”

చాయ తగ్గించాను, దడ పోయింది. మాట పూర్తిగా వినే ఓపిక నాకెక్కడిది! అందులో సగమే పట్టుకున్నాను. కూర్చున్నప్పుడు కొట్టుకునే దడంతా చాయో, భయమో, నిద్రలేమో అని తీర్మానించేశాను. తర్వాతిసారి ఇత్తడి సేటు సీసా తెచ్చినప్పుడు ఆ తీర్మానం ఆయన మీద ప్రయోగించాను.

“సేటూ, చాయ మాన్పించు ఇంటామెను.”

“మా ఇంట్ల చాయనే లేదు గద.”

“అయితే రంది పెట్టుకున్నట్టున్నది. ఆడోళ్లకు ఊకె ఫికరు. ఈ మందు తాగితే అన్నీ సద్దుకుంటయ్.”

ఆయన సంతోషంగా వెళ్లాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, ఇద్దరికీ కావలసిన మాట ఇద్దరికీ దొరికింది. పక్క గదిలో కట్టు గుడ్డలు మడతపెడుతున్న నర్సమ్మ మాత్రం బయటికి వచ్చింది.

“ఈ సీసా ఇంకెన్నిసార్లు నింపుతవయ్యా? మనిషిని చూసినవా?”

“ఆమె రాదు గద అక్కా. రాకపోతే నేనేం చెయ్యాలె?”

“మందు ఆపు. అప్పుడెందుకు రాదో చూస్త.”

మందు ఆపడమేమిటి, ధర్మాసుపత్రిలో మందు లేదనడం పాపం కాదా అని నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె చేతిలో గుడ్డను ఒక్క విదిలింపు విదిలించి లోపలికి పోయింది. అది ఆమె నాకు పెట్టిన దణ్ణం.

వానలు వెనకపట్టి, ఎండ మళ్లీ తెల్లగా కాస్తున్న రోజులు. సేటు సీసాతో వచ్చాడు. నేను చెయ్యి చాపాను. ఆయన ఇస్తూ ఇస్తూ, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

“ఈసారి జర గట్టిగ కలుపుండ్రి సాబ్. నిన్న పూలదండ కట్టుకుంట కూసున్నది, కూసున్న కాడనే ఒరిగింది. నీళ్లు చల్లితే లేచింది. కడుపుల ఏం లేక కండ్లు తిరిగినట్టున్నయ్.”

నేను మందు పొయ్యడానికి పెద్ద జాడీ వంచాను కూడా. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నర్సమ్మది.

“కూసున్న కాడ ఒరిగిందా? ఎంతసేపు? దమ్ము ఎట్లున్నది?”

సేటు తెల్లమొహం వేశాడు. “నేను దుకాణంల ఉన్న అక్కా. అమ్మ చెప్పింది.”

నర్సమ్మ నా చేతిలోంచి జాడీ తీసి కింద పెట్టి, సరాసరి డాక్టరు సాబు గదిలోకి వెళ్లింది. ఒక్క నిమిషంలో ఆయన బయటికి వచ్చారు. స్టెతస్కోపు మెడలో ఉంది. వరండాలో ఇంకా పది మంది ఉన్నారు, వాళ్లకు చేతులు జోడించి, “ఒక్క గంట” అని మెట్లు దిగారు. “చలో మియా, నువ్వు గూడ రా” అని నాతో అన్నారు. ఎందుకో చెప్పలేదు.

ఇల్లు దుకాణం వెనకే. ముందు గదిలో చాప వేశారు. లోపలి గది తలుపు సగం మూసి, దానికి పాత చీర తెరగా కట్టి ఉంది. తెర ముందు సేటు తల్లి నిలబడింది. పొట్టి మనిషి, కానీ ఆ గుమ్మానికి చాలినంత గట్టి మనిషి.

“నర్సమ్మ పోవచ్చు. మొగోళ్లు వచ్చి నాడి పట్టుడు, ఛాతీ చూసుడు మా ఇంట్ల లేదు. మందు ఏదో ఇయ్యిండ్రి, తాగిపిస్తం.”

సేటు తల దించుకున్నాడు. నర్సమ్మ లోపలికి వెళ్లి చాలాసేపు ఉంది. తెర అవతలి నుంచి ఆమె గొంతు వినబడింది, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. “సాబ్, నాడి లెక్క అందుతలేదు. రెండు కొడుతాంది, ఒకటి మింగుతాంది. మళ్ల మూడు ఉరుకుతాంది.”

డాక్టరు సాబు ఆ పెద్దామెతో వాదించలేదు. చాప మీద కూర్చున్నారు. తెర వైపు తిరిగి, “అమ్మా, నేను లోపలికి రాను. నీ ఛాతీ మీద ఒక చెయ్యి పెట్టుకో. దడ ఎట్ల కొడుతాందో అట్లనే దేని మీదనన్న కొట్టి చూపియ్యి. తొందర లేదు” అన్నారు.

ఇత్తడి దుకాణం వాళ్ల ఇల్లు. చేతికందే దూరంలో ఏముంటుంది? చెంబు. లోపల నుంచి సన్నని మోత మొదలైంది.

టక్. టక్‌టక్. తర్వాత ఏమీ లేదు. టక్‌టక్‌టక్. మళ్లీ ఏమీ లేదు. టక్.

నేను సేటు వైపు చూశాను. అప్పటిదాకా విసుగ్గా కిటికీలోంచి దుకాణం వైపు చూస్తున్న మనిషి, తల మెల్లగా ఒక పక్కకు వాల్చాడు. దుకాణంలో బిందె కొట్టి వినేటప్పుడు వాల్చినట్టే. నా ఏడు చాయల గుండె బల్ల మీద ఎలా పలికిందో నాకు తెలుసు. ఇది అది కాదు. ఆ తేడా ఆ గదిలో అందరికంటే ముందు తెలిసింది ఆయనకే.

“సరిగ పలుకుత లేదు సాబ్” అన్నాడు.

లేచి, తల్లి దగ్గరికి వెళ్లాడు. తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదని బజారంతా ఎరుగుదురు. “అమ్మా, జర జరుగు. డాక్టరు సాబును పోనియ్యి” అన్నాడు. ఆమె కొడుకు మొహం చూసింది, తర్వాత చెంబు మోత ఇంకా వినబడుతున్న తెర వైపు చూసింది. పక్కకు జరిగింది. తెర ఆయనే చేత్తో ఎత్తిపట్టుకున్నాడు.

అప్పుడు మొదటిసారి ఆమెను చూశాను. ముప్పై ఏళ్లుంటాయి. గోడకు జారగిలబడి కూర్చుంది. పెదవులకు నీలం రంగు. పాదాలను నర్సమ్మ వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట చాలాసేపటికి గాని పూడలేదు. డాక్టరు సాబు ఒక్కొక్కటే అడిగారు. నెల నుంచి పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే నిద్రపోతోందట. నీళ్ల బిందె ఎత్తడం మానేసిందట. చిన్నప్పుడు కీళ్లు వాచి, జ్వరంతో నెల రోజులు మంచం పట్టిందట. పుట్టింట్లో దాన్ని వాతం అన్నారు. ఆ జ్వరం కీళ్లను వదిలేసి గుండెను పట్టుకుందని డాక్టరు సాబు మాకు తర్వాత చెప్పారు.

“ఇంత జరుగుతుంటే ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్పిన సాబ్” అంది ఆమె. గొంతులో నిష్ఠూరం లేదు, ఆయాసం ఉంది. “కూసుంటే దడ అని చెప్పిన. మందొచ్చింది. తాగితే నిద్రొచ్చేది. నిద్రల దడ తెలువకపోయేది. తగ్గుతాందేమో అనుకున్న.”

నేను ఆ గుమ్మంలో నిలబడి విన్నాను. నేను కలిపిన మందు రోగాన్ని ఏమీ చెయ్యలేదు, రోగం సంగతి తెలియకుండా మాత్రం చేసింది.

దారిలో డాక్టరు సాబు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంతో అనుకున్నాను. దవాఖాన మెట్ల దగ్గర ఆగి, “ఎన్ని సీసాలు నింపినవ్?” అని అడిగారు.

“పదకొండు సాబ్.”

“పదకొండు సార్లు పిలిచింది మనను. మనం సీసాకు జవాబిచ్చినం, మనిషికి కాదు.” మెట్టు ఎక్కుతూ, “మొదటి తప్పు నాదే. ఆమె మొగుడు చెప్పింది రాసుకున్న” అన్నారు. ఆ ‘మనం’ అన్న మాట నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. మందుగదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఇరవై రెండేళ్ల అరవైద్యుడు ఆ మధ్యాహ్నం ఆ గదిలోనే పోయాడు.

ఆమెకు డిజిటాలిస్ అనే చుక్కల మందు మొదలుపెట్టారు. గుండె ఉరుకును తగ్గించి, కొట్టే ప్రతి దెబ్బకూ బలమిచ్చే మందు. కానీ చుక్క ఎక్కువైతే అదే గుండెను మరీ నెమ్మది చేసి చంపగలదు. నాడి చూడకుండా ఇవ్వకూడనిది. డాక్టరు సాబు మందు నా చేతికి ఇస్తూ, “ఈ సీసా ఒక్కటే వస్తే నింపకు. మనిషి రావాలె, నువ్వు పూర నిమిషం లెక్కపెట్టాలె, అప్పుడు పొయ్యాలె” అన్నారు. యుద్ధం వల్ల చుక్కల సీసాలు దొరికేవి కావు. అవి దవాఖానవి, వాడుకుని తిరిగి ఇవ్వాలి. చిన్న గోధుమరంగు సీసా ఒకటి ఆమెకు కేటాయించాం.

మొదటి మూడు వారాలు నర్సమ్మ రోజూ ఆ ఇంటికి వెళ్లింది. ఉప్పు తగ్గించమంటే అత్తగారు, “ఉప్పు లేని తిండి తిని బతుకుడు కూడా ఒక బతుకేనా” అని దెప్పుతూనే కోడలి కూర వేరే వండేది. వాపు తీసింది. ఆమె పడుకుని నిద్రపోయిందని సేటు పొద్దున్నే పరుగెత్తుకొచ్చి చెప్పాడు. పెళ్లి ముహూర్తం కుదిరినట్టు చెప్పాడు ఆ మాట.

ఆ తర్వాత ఒక బేస్తవారం, తెరకట్టిన బండి దవాఖాన ముందు ఆగింది. నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆమె దిగింది. బజారంతా తిరిగి చూసిందనే చెప్పాలి. మెట్లు మూడే, మూడింటికీ ఆగి ఆగి ఎక్కింది. వరండాలో బెంచీ మీద కూర్చుని, కొంగు సర్దుకుని, నా కిటికీ వైపు చూసి అంది.

“కంపౌండరు తమ్మీ, సీసా రాలే. నేనే వచ్చిన. లెక్కపెట్టు.”

నేను బయటికి వచ్చి లెక్కపెట్టాను. గోడ గడియారం చూస్తూ పూర్తి నిమిషం. రెండుసార్లు లెక్క తప్పి మళ్లీ మొదటికి వస్తే ఆమే, “నీకేం అయితాంది, దడ నాకు గద!” అని ఆటపట్టించింది.

అక్కడి నుంచి ప్రతి నెలా ఒక బేస్తవారం ఆమె వచ్చేది. ఒకసారి నాడి మరీ నెమ్మదిగా ఉంది. వాంతి వచ్చేట్టుందని, దీపం చుట్టూ పచ్చగా కనబడుతోందని చెప్పింది. సీసా నా జేబులో వేసుకుని డాక్టరు సాబును పిలిచాను. మందు వారం పాటు ఆపారు. ఆ రోజు సీసా ఒక్కటే వచ్చి ఉంటే ఏం జరిగేదో నేను అనుకోవడానికి కూడా ఇష్టపడను. ఆమెను చూసి ఆ సందుల్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఎర్రగుడ్డ సీసా దగ్గు వచ్చింది. చూస్తే అది డెబ్బై ఏళ్ల ముసలమ్మ, నేనేమో కొత్త కోడలనుకుంటున్నాను. బీట సీసా కడుపునొప్పి వచ్చింది. అది కడుపునొప్పే కాదు, మూడో నెల. నర్సమ్మ ఒక నెలంతా నన్ను ఏడిపించింది.

మీకు పాఠం చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కానీ ఆ బెంచీ నాకు నేర్పింది చెబుతాను. కూర్చున్నప్పుడు గుండె కొట్టుకోవడం తెలిసినంత మాత్రాన కొంప మునగదు. భయం, చాయ, పొగాకు, జ్వరం, రక్తం తక్కువ కావడం, నిద్ర లేకపోవడం, ఏదైనా కావచ్చు. ఎక్కువసార్లు కథ అక్కడే అయిపోతుంది. అయితే పదేపదే వస్తున్నా, తాళం తప్పుతున్నా, చాలాసేపు ఆగకపోయినా ఇంట్లో కూర్చుని తీర్మానాలు చెయ్యకండి. దానితో కళ్లు తిరిగి ఒరిగితే, ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే ఆ రోజే, ఆ గంటలోనే వెళ్లండి. గుండె సంగతి గుండె ఉన్నవాడే చెప్పాలి.

ఆరేళ్లు గడిచాయి. యుద్ధం ముగిసింది, నిజాం రాజ్యం పోయింది, దవాఖాన బోర్డు మీద తెలుగు అక్షరాలు చేరాయి. డాక్టరు సాబు పెన్షను తీసుకుని హైదరాబాదు వెళ్లిపోయారు, కొత్త డాక్టరు వచ్చాడు. ఆమె మాత్రం బేస్తవారం తప్పలేదు. రోగం పోలేదు, అది పోయేది కాదని అందరికీ తెలుసు. కానీ ఆరేళ్లు పడుకుని నిద్రపోయింది, కూతురికి జడలు వేసింది, నన్ను ఆటపట్టించింది.

ఒక నెల ఆమె రాలేదు. మరిపెడలో పుట్టింట్లో అన్నకూతురి పెళ్లికి వెళ్లిందని తెలుసు కాబట్టి నేను కంగారు పడలేదు. మందు సరిపడా ఇచ్చి పంపాం. ఆ తర్వాత ఒక పొద్దున సేటు వచ్చాడు. చేతిలో గోధుమరంగు సీసా. వెనక ఎవరూ లేరు.

నాకు ఒళ్లు మండింది. “మనిషి ఏది సేటూ? ఆరేండ్లయింది, ఇంకెన్నిసార్లు చెప్పాలె? సీసా ఒక్కటే తెస్తే నింపనని తెల్వదా?” అని కిటికీలోంచే అరిచాను. వరండాలో అందరూ ఇటు తిరిగారు.

ఆయన సీసా కిటికీ పలక మీద పెట్టాడు. ఖాళీగా ఉంది. తళతళ కడిగి ఉంది.

“నింపద్దు తమ్మీ. ఇచ్చిపోదామని వచ్చిన. మరిపెడల పోయింది. పదమూడు దినాలాయె. పెండ్లయినంక రెండోనాడు, ఆడోళ్లందరితోటి కూసుని నవ్వుకుంటనే ఉన్నదట, అట్లనే ఒరిగిందట. సీసా దవాఖానది, నాకేమన్న అయితే కడిగి ఇచ్చిరా అని పోయేటప్పుడు బండి కాడ చెప్పింది. నేను కోపం జేసిన, గా మాటలేందని.”

అరిచిన నోటితో ఏమని చెప్పను? బయటికి వచ్చాను. ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. ఆమె కూర్చునే బెంచీ మీద, ఆమె కూర్చునే చోటు కాస్త వదిలి పక్కన కూర్చున్నాడు. చెయ్యి చాపి నా ముందు పెట్టాడు.

“నాకు గూడ తమ్మీ... కూసుంటే కొట్టుకుంటాంది.”

నేను ఆయన మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూశాను. పూర్తి నిమిషం. అడగవలసినవన్నీ అడిగాను. కళ్లు తిరగలేదు, ఆయాసం లేదు, నొప్పి లేదు. బెంచీ మీద కొట్టి చూపించమన్నాను. ఉంగరం వేలితో కొట్టాడు. టక్, టక్, టక్, టక్. నాకు తెలిసిపోయింది, అయినా నాలోపల ఉంచుకుని కొత్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు విని, గుండెకు ఏమీ లేదని, మందు అవసరం లేదని చెప్పాడు.

బయటికి వచ్చాక సేటు బెంచీ మీద ఇంకోసారి కొట్టి, తల వాల్చి విన్నాడు. “సరిగనే పలుకుతాంది. మరెందుకు కొట్టుకుంటాంది తమ్మీ?” అన్నాడు.

తర్వాతి బేస్తవారం మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతి వారం కూడా వచ్చాడు. చిట్టీ లేదు, సీసా లేదు. మందు రాయని దవాఖానకు ఎందుకొస్తున్నావని నేను అడగలేదు, నర్సమ్మ కూడా అడగలేదు. బెంచీ మీద కూర్చుని చెయ్యి చాపేవాడు. నేను కిటికీ దగ్గర పని ఆపి బయటికి వచ్చి, పూర్తి నిమిషం లెక్కపెట్టేవాణ్ణి. లెక్కపెట్టాల్సిన పని లేదని మా ఇద్దరికీ తెలుసు.